రగ్గులు అనే ఫైలు

"పదకొండు. రాసి పెట్టుకో," అన్నాడు ఇస్మో, కారు వెనక తలుపెత్తి రగ్గుల చుట్టలను ఒక్కొక్కటిగా గట్టు మీదికి దొర్లిస్తూ.

రాసుకోవడానికేముంది, పద్దెనిమిదేళ్ళుగా అవే పదకొండు రగ్గులు. అత్తగారు హిల్కా చేతులు బాగున్న రోజుల్లో పాత చొక్కాలూ దుప్పట్లూ పేలికలుగా చింపి మగ్గం మీద నేసినవి. నడివేసవి పండగ లోపల వాటిని సరస్సు ఒడ్డుకు తెచ్చి ఉతకకపోతే ఆ ఇంట్లో ఆడది లేనట్టే లెక్క అని ఆవిడ కోడలు మెర్వికి పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది. తూర్పు ఫిన్లాండ్‌లో జూన్ నెల ఆదివారం పొద్దున రగ్గులు ఉతికే చోట ఒక బల్ల ఖాళీగా దొరకడమే గొప్ప. మెర్వి మొదటి రగ్గు పరిచి, పైన్ సబ్బు నీళ్ళు కుమ్మరించి, బ్రష్షును రెండు చేతులా పట్టుకుని నిలువునా తోమడం మొదలుపెట్టింది. తడిసిన రగ్గు శవంలా బరువెక్కుతుంది. దాన్ని ఎత్తి తొట్టిలో జాడించి, మర మధ్యలో దూర్చి పిండి, కొయ్య దండెం మీదికి ఎక్కించేసరికి నడుము రెండు ముక్కలవుతుంది. మొగుడు ఇస్మో కారు అద్దాలు ఎత్తుకుని లోపల ఫోను చూసుకుంటున్నాడు. బయట దోమలట. దోమలకు ఆడవాళ్ళ నెత్తురు పనికిరాదని ఆయనకెవరు చెప్పారో మరి.

"రాసి పెట్టుకో" అనడం ఈ రెండేళ్ళలో అతనికి ఊతపదమైపోయింది. పాలు అయిపోయాయి, రాసి పెట్టుకో. అమ్మ పొద్దుటి మాత్ర ఉమ్మేసింది, రాసి పెట్టుకో. ఇవాళ నీ మొహం ఏడ్చినట్టుంది, రాసి పెట్టుకో. అలా అన్నాక పెదవి చివర చిన్నగా నవ్వుతాడు. ఆ నవ్వు దేనికో మెర్వికి అంతుపట్టేది కాదు. తనకూ మతిమరుపు వస్తోందని వెక్కిరిస్తున్నాడు కాబోలనుకునేది. ఇంట్లో మతి పోయిన మనిషి ఒకావిడ ఎలాగూ ఉంది కదా, ఆ సరదా అనుకుంది.

నిజం చెప్పాలంటే మెర్వి రాసి పెట్టుకుంటూనే ఉంది, ఆరేళ్ళుగా. ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం.

మెర్వి పనిచేసేది జిల్లా సంక్షేమ కార్యాలయంలో. ఎవరికి ఏ జబ్బుందో, ఏ పిల్లను ఏ ఇంట్లోంచి తెచ్చి ఎక్కడ ఉంచారో, ఏ ముసలాయన తలుపు వారం రోజులుగా ఎవరూ తట్టలేదో, అన్నీ అక్కడ ఎక్సెల్ షీట్లలోనే ఉంటాయి. ప్రతి షీటుకూ ఒక లేబుల్ పెట్టాలి. ఆకుపచ్చ అయితే "అందరిదీ". నీలం "లోపలిది". పసుపు "గోప్యం". ఎరుపు "అతి గోప్యం". ఎరుపు పెట్టిన షీటుకు తాళం పడిపోతుంది. పెట్టినవాళ్ళూ, వాళ్ళు పేరు రాసినవాళ్ళూ తప్ప ఇంకెవరు తెరిచినా పిచ్చిగీతలే కనిపిస్తాయి. ముద్రించడానికి వీల్లేదు, అందులోంచి ఒక్క ముక్క ఎత్తి వేరేచోట అతికించడానికి వీల్లేదు. ఏ షీటుకు ఏ రంగో చూడటం, తప్పు రంగు పెట్టినవాళ్ళను పిలిచి మెల్లగా చెప్పడం, కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పడం మెర్వి ఉద్యోగం. "తాళం గదికి కాదు, కాగితానికి. ఇంటికి తీసుకెళ్ళినా, సరస్సులో పడేసినా తాళం దాంతోపాటే వెళ్తుంది" అని ప్రతి క్లాసులోనూ చెప్పేది. తొమ్మిదేళ్ళలో ఆ కార్యాలయం నుంచి ఒక్క పేరు కూడా బయటికి పొక్కలేదు. నిబంధనలన్నీ ఆవిడ రాసినవే. కానీ వాటిని పెద్దల ముందు చదివింది సమాచార రక్షణ అధికారి యోర్మా కాబట్టి, అందరూ వాటిని యోర్మా నిబంధనలనే అంటారు. ఇంట్లో ఇస్మో ఇంకాస్త తేల్చేశాడు. "పొద్దస్తమానం రంగు బిళ్ళలు అతికించి వస్తావు, దానికే ఇంత అలసటేంటి?"

ఆ మాట ఫైల్లో పదిహేడో వరస. ఫైలు పేరు "రగ్గులు". ఆ పేరున్న దాన్ని మగవాడెవడూ తెరవడని పెట్టింది. పైగా ఫైలు మొత్తానికి ఎర్ర లేబుల్ వేసింది. నాలుగు నిలువు గళ్ళు. తేదీ, ఏం జరిగింది, ఎవరున్నారు, ఏ రంగు. ఇంట్లో రాసుకునే చోటు లేక ఆఫీసు కంప్యూటరులో రాసుకుంది. ఇంట్లో అందరి ఫోన్లు తెరిచే అంకెలూ అందరికీ తెలియాలని ఇస్మో పట్టు. "మన మధ్య దాచుకోవడాలేంటి మెర్వీ, కాపురం చేస్తున్నామా, గూఢచారి పని చేస్తున్నామా?" అంటాడు. మెర్వి ఫోనుతో తీసిన ఫొటోలన్నీ నేరుగా వంటింట్లోని టాబ్లెట్‌లోకి వెళ్ళి వరసగా ఆడుతుంటాయి. ఆఖరికి స్నానాలగదికి కూడా గడియ లేదు. హిల్కా ఒకసారి లోపల గడియ వేసుకుని తియ్యడం మర్చిపోయింది. ఇస్మో గడియ పీకేశాడు. అత్తయ్య చెయ్యి అందనంత ఎత్తులో ఇంకోటి బిగించమని మెర్వి అడిగితే, "ఎవరి నుంచి దాక్కుంటావు, ఇంట్లో దొంగలున్నారా?" అన్నాడు. అది రెండువందల పద్నాలుగో వరస. ఎవరున్నారు అనే గడిలో, పిహ్లా. పిహ్లా మెర్వి కూతురు. అప్పటికి ఎనిమిదేళ్ళు, ఇప్పుడు పన్నెండు.

రాయగా రాయగా మెర్వికి తన బతుకునే రంగుల్లో చూడటం అలవాటైంది. హిల్కాకు రాత్రి రెండుసార్లు గుడ్డలు మార్చడం నీలం, ఇంటివరకూ చెప్పుకోవచ్చు. మార్చేటప్పుడు ఆవిడ జుట్టు పట్టుకుని లాగి "పనిమనిషీ, నా కొడుకు పెళ్ళానికి చెప్తానుండు" అనడం పసుపు. ఆ మాట విని ఇస్మో పక్కగదిలో నవ్వడం ఎరుపు. ఆఫీసు క్రిస్మస్ విందులో, బల్ల చుట్టూ పదిమంది ఉండగా "మా ఆవిడకి ఇంట్లో వంట తప్ప అన్నిటికీ నియమాలున్నాయి" అని అతను అంటే అందరూ నవ్వారు. తోటి ఉద్యోగి సిర్పా అందరికంటే ఎక్కువ నవ్వింది. దానికేం రంగు పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చుంది. పదిమంది విన్నదాన్ని రహస్యమని ఎలా అంటాం. కానీ అది తన ఒంట్లో ఏంచేసిందో పదిమందిలో ఒక్కరికీ తెలియదు. చివరికి ఎరుపే పెట్టింది.

ఇదంతా రాస్తున్నా ఆవిడ లోపల ఒక పిచ్చి ఆశ ఉండేది. ఇస్మో చెడ్డవాడు కాడు, తెలియక అంటాడు. తన మాటకు మొన ఉందని అతనికి తెలియదు. తెలిస్తే అనడు. ఏదో ఒకరోజు ఈ వరసలన్నీ అతని ముందు పెడితే తలపట్టుకుని కూర్చుంటాడు, "అయ్యో, ఇన్నా?" అంటాడు. ఆ ఒక్క "అయ్యో" కోసం ఆరేళ్ళు బతికింది. అలాగని చూపించే ధైర్యం లేదు. పైగా రెండేళ్ళ కిందట అక్టోబరు నుంచి మనిషిలో మార్పు కూడా కనిపించింది. నలుగురిలో ఒక్క మాట తూలడు. యోర్మా ఇంట్లో వేట విందుకు పిలిస్తే, అందరి ముందూ గ్లాసెత్తి "మా మెర్వి లేకపోతే మా ఇల్లు ఒక్క పూట నడవదు" అన్నాడు. ఆరోజు వరసకు ఆవిడ ఆకుపచ్చ రంగు పెట్టింది. ఆ ఫైల్లో ఆకుపచ్చ అదొక్కటే. ఐదువందల నలభై ఎనిమిదో వరస.

ఇంట్లో మాటలు మాత్రం ఆగలేదు, మెల్లబడ్డాయంతే. అవి విని విని ఈ ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం న్యాయసహాయ కార్యాలయానికి వెళ్ళింది. విడిపోవాలని వెళ్ళిందో, ఎవరితోనైనా గట్టిగా చెప్పుకోవాలని వెళ్ళిందో ఆవిడకే తెలియదు. పిహ్లా తన దగ్గరే ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగింది. అక్కడి ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసి, "ఆయన కొట్టలేదు, తాగడు, జీతం ఇంటికి తెస్తాడు. అమ్మని మీరు చూసుకుంటున్నారని మీరంటారు, నేనే చూసుకుంటున్నానని ఆయనంటాడు. అప్పుడు ఎవరు చూశారన్నదొక్కటే మిగుల్తుంది. తేదీలు, మాటలు, పక్కనున్నవాళ్ళ పేర్లు ఉన్నాయా?" అంది. ఉన్నాయని మెర్వి తల ఊపింది. "అయితే కాగితాల మీద తెండి," అని జూన్ నెల మూడో మంగళవారానికి సమయమిచ్చింది.

అదే నెలలో ఆఫీసు వాళ్ళు ఉద్యోగం తీసేశారు. లేబుళ్ళు ఇకమీదట యంత్రమే పెట్టుకుంటుందట. "నీ తొమ్మిదేళ్ళ లేబుళ్ళు చూసే అది నేర్చుకుంది మెర్వీ, ఒకరకంగా దానికి గురువువి నువ్వే," అని యోర్మా భుజం తట్టాడు. ఇస్మో ఆ వార్త విని ప్లేటులోంచి తలెత్తకుండానే, "మంచిదేగా. అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి," అన్నాడు.

ఉద్యోగం పోయేవాళ్ళ మీద ఒక నిబంధన ఉంది. నోటీసు అందిన రోజు నుంచి వాళ్ళు ఏ లేబుల్నీ తగ్గించలేరు, తీయలేరు. తీయాలంటే యోర్మా ఒప్పుకోవాలి. వెళ్ళిపోయేవాళ్ళే పట్టుకుపోతారు కాబట్టి ముందే తలుపు వేయాలని ఐదేళ్ళ క్రితం ఒక సమావేశంలో పట్టుబట్టి ఆ నిబంధన పెట్టించింది మెర్వే. ఆరోజు అందరూ ఆవిడ ముందుచూపును మెచ్చుకున్నారు. ఆ ముందుచూపు ఇప్పుడు తన మెడకే చుట్టుకుంది. ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది, కానీ ఆఖరి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆవిడ ఖాతా మూసేస్తారు, ఆ తర్వాత ఎక్కడ తెరిచినా పిచ్చిగీతలే. ఫోనుతో ఫొటో తీస్తే వంటింటి టాబ్లెట్‌లో ఆడుతుంది. చేత్తో ఎత్తిరాసుకుందామని పిహ్లా పాత స్కూలు పుస్తకం ఒకటి తెచ్చుకుని, మధ్యాహ్నం భోజనం మానేసి డెబ్భై వరసలు రాసింది. ఆఫీసులో ఎవరికీ సొంత బల్లలు లేవు, సాయంత్రానికి కాగితం ముక్క మిగలకూడదు. అది కూడా ఆవిడ చెప్పే పాఠమే. ఇంటికి తెచ్చి దుప్పట్ల అలమరలో అట్టడుగున పెట్టింది. శనివారం ఆవిరిస్నానం వేళకు హిల్కా ఎప్పటిలాగే ఇంట్లో దొరికిన కాగితమల్లా చింపి పొయ్యి రాజేసింది. చింపుతూ, "ఎవరో ఎంత పొందిగ్గా రాశారే అమ్మాయ్," అని కోడలికి చూపించింది కూడా. అట్ట మాత్రం మిగిలింది. మెర్వి ఆ రాత్రి అందరితోపాటు ఆవిరిగదిలో కూర్చుని తన డెబ్భై వరసల వేడికి చెమట పట్టించుకుంది.

సిర్పా దగ్గర దాచమందామా అంటే సిర్పా పేరు ఆ ఫైల్లో పదకొండుచోట్ల ఉంది, నవ్వినవాళ్ళలో. ఇక మిగిలింది యోర్మాను అడగడమే. యోర్మా, ఇస్మో ఒకే వేట బృందం, ప్రతి శరదృతువులో ఒకే గుడిసెలో పడుకుంటారు. అడగాలని గది దాకా వెళ్ళి కాఫీ గురించి మాట్లాడి తిరిగొచ్చింది. అలా మే నెల పోయింది. రగ్గులు ఉతికిన ఆదివారం నాటికి ఐదు పనిదినాలే మిగిలాయి.

తొమ్మిదో రగ్గుకు వేళ్ళ సందుల్లో చర్మం చిట్లింది. పక్కబల్ల మీద ఉతుక్కుంటున్న ముసలావిడ చూసి, "మీ ఆయన్ని పిలవరాదూ, మర తిప్పుతాడు," అంది. మెర్వి కారువైపు చూసింది. ఇస్మో అద్దం రెండంగుళాలు దించి, "అయ్యాయా?" అన్నాడు. ఆ ముసలావిడ తనవైపే చూస్తోందని గమనించి వెంటనే దిగి వచ్చాడు. ఆఖరి రెండు రగ్గులూ తనే పిండాడు, తనే దండెం మీద వేశాడు. "నువ్వు కూర్చో మెర్వీ, అలిసిపోయావు," అన్నాడు, అందరికీ వినబడేలా. ముసలావిడ మురిసిపోయింది. కారెక్కి తలుపు వేసుకున్నాక, "నలుగురిలో నా పరువు తియ్యాలని కాకపోతే, ఆ చచ్చు మొహమేంటి? రాసి పెట్టుకో," అన్నాడు. మర్నాడు మెర్వి ఆ మాట రాసింది. ఎవరున్నారు అనే గడిలో "ఎవరూ లేరు" అని కొట్టింది. ఎనిమిదివందల అరవై ఒకటో వరస.

శుక్రవారం వచ్చింది. ఈ దేశంలో ఉద్యోగం నుంచి వెళ్ళిపోయేవాళ్ళు తమ వీడ్కోలు కేకు తామే తెచ్చుకోవాలి. మెర్వి ముందురోజు సాయంత్రం హిల్కాకు స్నానం చేయించి పడుకోబెట్టి, యాలకుల రొట్టెలు ముప్ఫై, ఎర్రపండ్ల కేకు ఒకటి చేసింది. మధ్యాహ్నం రెండింటికి కాఫీగదిలో అన్నీ తనే సర్ది, కప్పులు తనే పేర్చి, తన వీడ్కోలుకు తనే ఆతిథ్యమిచ్చింది. యోర్మా నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. తొమ్మిదేళ్ళు, ఒక్క పేరు పొక్కలేదు, అంతా యోర్మా నిబంధనల చలవేనని అందరూ అంటారు గాని అందులో మెర్వి చెయ్యి కూడా ఉందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సిర్పా కళ్ళు తుడుచుకుని, "ఇక హాయిగా ఇంటి పట్టున ఉంటావు. మా ఆయన కూడా మీ ఆయనలా ఉంటే నేనూ రేపే మానేద్దును," అంది. కప్పులు ఖాళీ అయి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. యోర్మా ఇంకో ముక్క కేకు కోసుకుంటుంటే మెర్వి దగ్గరికెళ్ళింది.

"యోర్మా, ఒక్క మాట. నా ఫైలు ఒకటుంది, ఎర్ర లేబుల్‌ది. ఆఫీసుది కాదు, నా సొంతం. లేబుల్ తియ్యడానికి మీరు ఒప్పుకోవాలి."

"రగ్గులదా?" అన్నాడు యోర్మా, కేకు నములుతూ.

మెర్వి బల్ల అంచు పట్టుకుంది. "మీకెలా తెలుసు?"

"ఎర్రవాటి జాబితా ఆరునెలలకోసారి నా ముందుకొస్తుంది కదా. రెండేళ్ళ క్రితం కనబడింది. రగ్గులేంటి, అతి గోప్యమేంటి అని తెరిచి చూశాను. ఎవరైనా చచ్చిపోతే ఫైళ్ళు తెరవాలని తాళంచెవి ఒకటి నా దగ్గర పెట్టారుగా. చూడటం నా డ్యూటీ." అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అంతా చదవలేదులే, అంత చెడ్డవాణ్ణి కాదు. రెండు మూడు పేజీలు. నాకే మనసు పాడైపోయింది. ఊరుకోలేకపోయాను."

"ఏం చేశారు?"

"ఇస్మోతో మాట్లాడాను, వేట గుడిసెలో. ఒరేయ్, మీ ఆవిడ బాధపడుతోందిరా, నోరు కాస్త అదుపులో పెట్టుకో అన్నాను. ముందు నమ్మలేదు. ఏం రాసిందో చూపించమన్నాడు. మా ఇంట్లో విందుకు ముందువారం, సోమవారం ఇక్కడికే వచ్చి నా గదిలో కూర్చుని చదివాడు. గంటన్నర. ఇచ్చిన కాఫీ కూడా తాగలేదు పాపం."

"మీరు చూపించారు."

"ఎవరి గురించి రాసి పెట్టారో వాళ్ళకి అది చూసే హక్కుంది మెర్వీ. నువ్వు చెప్పే మూడో క్లాసు పాఠమే కదా."

"ఆ హక్కు ఆఫీసు రాసినవాటికి. మనిషి తన ఇంటి సంగతి తనకోసం రాసుకుంటే అది వర్తించదు. అది కూడా మూడో క్లాసులోనే ఉంది."

యోర్మా చెవి కొన గీరుకున్నాడు. "అలాగా. ఆఫీసు యంత్రంలో ఉంది కదా అనుకున్నాను. సరే, పొరపాటయితే పొరపాటే. కానీ జరిగింది మంచేగా? అప్పట్నించి చూస్తున్నాను, నలుగురిలో నిన్ను పల్లెత్తు మాట అనట్లేదు. పైగా పొగుడుతున్నాడు. మారాడా లేదా, నువ్వే చెప్పు."

"మారాడు," అంది మెర్వి.

"చూశావా మరి." అతని ముఖం విప్పారింది. మంచి పని చేసిన మనిషి ముఖం అది, అందులో నటన లేదు. "లేబుల్ మాత్రం తియ్యలేనమ్మా. అందులో హిల్కా జబ్బు వివరాలున్నాయి, పాప పేరుంది. అలాంటిదాన్ని బయటికి పోనిస్తే మొదట నన్ను తిట్టేది నువ్వే. ఇస్మో సంతకం తెచ్చిపెట్టు, ఇప్పటికిప్పుడు తీసేస్తాను." ఖాళీ ప్లేటు ఆవిడ చేతికిచ్చి, కేకు చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

మెర్వి ప్లేట్లు కడిగింది. కడగకుండా వెళ్ళాలన్న ఆలోచన కూడా రాలేదు, చేతులు వాటంతటవే కడిగేశాయి. తర్వాత కిటికీ పక్కన ఖాళీ బల్ల దగ్గర కూర్చుని ఫైలు తెరిచింది. గడియారం రెండూ నలభై చూపిస్తోంది. ఆవిడ వరసగా కిందికి దిగుతూ ఆ అక్టోబరు దగ్గర ఆగింది. ఆకుపచ్చ వరస. మా మెర్వి లేకపోతే మా ఇల్లు ఒక్క పూట నడవదు. ఆ విందు శనివారం. యోర్మా చెప్పిన సోమవారం దానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు. అంటే ఇస్మో ఇదంతా చదివి, ఇంటికొచ్చి, చేపల పులుసు తిని, పన్నెండు రోజులు ఆలోచించి గ్లాసెత్తాడన్నమాట. ఆ పై వరసల్లో ఎవరున్నారు అనే గడి నిండా మనుషులే. పిహ్లా, సిర్పా, పక్కింటివాళ్ళు, పిహ్లా టీచరు, విందులో పదిమంది. ఆ కింద మూడువందల పదమూడు వరసలు. ఎవరూ లేరు. ఎవరూ లేరు. ఎవరూ లేరు. ఒక్క వరసలోనైనా ఒక్క పేరుంటుందేమోనని అట్టడుగు దాకా వెళ్ళి చూసింది. లేదు.

అతను ఈ గళ్ళన్నీ చదివాడు. ఏ మాట ఎక్కడ తగిలిందో, ఎన్నాళ్ళు నొప్పెట్టిందో తారీకులతో సహా చదివాడు. చదివి "అయ్యో" అనలేదు. అందులోంచి అతను నేర్చుకున్నది ఒక్కటే, ఎవరున్నారు అనే మూడో గడి ఖాళీగా ఉంచాలని. ఆ తర్వాత రెండేళ్ళూ ప్రతి పూటా, రాసి పెట్టుకో, అంటూ నవ్వాడు. తెలియక అంటాడనుకుంది. తెలిసి, చదివి, గుర్తుపెట్టుకుని అన్నాడు. ఈ ఫైలు మంగళవారం న్యాయసహాయ కార్యాలయం ఆవిడ ముందు పెట్టినా రెండేళ్ళ నుంచి ఎవరూ చూడలేదు, అంటే ఏమీ జరగలేదు, మనిషి మారాడు. ఊళ్ళో ఎవర్నడిగినా మారాడనే చెప్తారు. ఇందాక తన నోటితో తనే చెప్పింది. మెర్వికి ఏడుపు రాలేదు. ఎక్కడో లోపల ఆరేళ్ళుగా పట్టుకుని వేలాడుతున్నదేదో తెగిపోయింది, తెగిన చప్పుడు కూడా వినబడలేదు.

పెన్‌డ్రైవ్ సంచిలోనే ఉంది. తీయలేదు. ఐదువందల నలభై తొమ్మిదో వరస మీద వేలు పెట్టింది. నవంబరు రెండు. హిల్కా మంచం మీద దుప్పటి మారుస్తుంటే ఇస్మో తలుపు దగ్గర నిలబడి అన్న మాట. ఎవరున్నారు? ఎవరూ లేరు, అని తన చేతులతో తనే కొట్టింది. మరి దుప్పటి మార్చిందెవరు, ఆ మాట విన్నదెవరు? ఆవిడ ఆ గడిలో ఉన్నది చెరిపేసి "నేను" అని రాసింది. తర్వాత ఐదువందల యాభై. చదివింది, చెరిపింది, నేను. ఒక్క ఆజ్ఞతో మూడువందల పదమూడూ క్షణంలో మార్చేయవచ్చని ఆవిడకు తెలుసు. ఆఫీసులో అందరికీ అది నేర్పింది కూడా ఆవిడే. అలా చెయ్యాలనిపించలేదు. ఒక్కో రోజు దగ్గరా ఆగి, ఆ గదిలో తను ఎక్కడ నిలబడిందో, చేతిలో ఏముందో గుర్తుచేసుకుని, అప్పుడు రాసింది. వంటింట్లో, గరిటె. నేను. కారులో, హిల్కా మందుల సంచి. నేను. గడియ లేని స్నానాలగదిలో, ఒంటి మీద సబ్బు. నేను. ఇది ఎవరూ చదవరని, ఇంకాసేపట్లో తనకు కూడా పిచ్చిగీతలైపోతుందని తెలుసు. తెలిసీ తొందరపడలేదు.

మూడున్నరకు ఫోను వణికింది. ఇస్మో. "రగ్గులు ఆరాయి. వచ్చేటప్పుడు తీసుకురా. పదకొండు." ఆవిడ ఫోను బోర్లా పెట్టి తర్వాతి వరస చదివింది. సిర్పా కోటు వేసుకుంటూ వచ్చి, ఇంకా పనేనా, ఆఖరి రోజు కూడానా, అని నవ్వుతూ పలకరించి వెళ్ళింది. బయట పడవల రేవు దగ్గర పిల్లలు అరుచుకుంటూ నీళ్ళలోకి దూకుతున్నారు. మెర్వి ఏడువందల నలభై తొమ్మిదో వరస పూర్తి చేసి, ఏడువందల యాభై మీద వేలు పెట్టింది.

నాలుగయింది. తెర బూడిదరంగుకు తిరిగి, ఈ ఖాతా ఇక లేదని చెప్పింది. ఇంకా నూట పన్నెండు వరసల్లో ఎవరూ లేరు.